కాయ మీద మచ్చ నుంచి నారు ట్రే దాకా: మిరప తెగులు మీద నా ఎమ్మెస్సీ పరిశోధన

మిరప కాయకుళ్ళు మీద పని చేస్తానని చెప్పినప్పుడు మా గైడ్ మేడమ్ ముఖంలో ఉత్సాహమేమీ కనిపించలేదు. "దీని మీద చేసినవాళ్ల థీసిస్‌లు మన లైబ్రరీలో ఒక అర నిండా ఉన్నాయమ్మా. ప్లేట్లో ట్రైకోడెర్మా గెలిచిందని అందరూ రాశారు. నువ్వూ అదే రాస్తావా?" అన్నారు. ట్రైకోడెర్మా అంటే తెగుళ్ళు తెచ్చే శిలీంద్రాల్ని తినే ఇంకో శిలీంద్రం. మాట కాస్త గుచ్చుకుంది. అయినా పంట మార్చాలనిపించలేదు. గుంటూరులో కూర్చుని మొక్కల తెగుళ్ళు చదువుతూ మిరపను పక్కన పెట్టడమేంటి? మా అమ్మమ్మగారి ఊరు ప్రత్తిపాడు వైపు. మావయ్య వాళ్ళు ఏటా మిరప వేస్తారు. కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి మచ్చ పడ్డవి, తెల్లబారినవి ఏరి తాలు కింద వేరే కుప్ప పోయడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మార్కెట్ యార్డుకు తీసుకెళ్ళిన టిక్కీల్లో, అంటే మిరప బస్తాల్లో, తాలు ఎక్కువైతే ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడేవాళ్ళు కాదు.

కాయకుళ్ళు తెచ్చేది కొల్లెటోట్రైకమ్ అనే శిలీంద్రం. అదే కొమ్మల మీద పడితే చివర్ల నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. అందుకే మన పుస్తకాల్లో దీన్ని కొమ్మ ఎండు, కాయకుళ్ళు తెగులు అని కలిపి రాస్తారు. పండు కాయ మీద లోపలికి దిగిన మచ్చ, మచ్చలో వలయాలు, వలయాల మీద నల్లటి సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల్లోనే శిలీంద్రం బీజాలు పుడతాయి. వాన చినుకు పడితే చిట్లి పక్క కాయలకు అంటుకుంటాయి. ఇది మనకు కొత్త తెగులేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని కోయంబత్తూరు మిరప మీద 1913లోనే సైడో అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. నూరేళ్ళు దాటినా ఇంకా ఇబ్బంది పెడుతోందంటే మందుల కొరత వల్ల కాదని నాకు మొదటి నుంచీ అనుమానం. ఎందుకో తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

అక్టోబరు చివర్లో శాంపిల్స్ కోసం బయలుదేరాను. ప్రత్తిపాడు, మేడికొండూరు, ఫిరంగిపురం, తాడికొండ వైపు తోటలు తిరిగాను. తెగులు కాయల్ని కాగితం కవర్లోనే తేవాలి. పాలిథిన్ కవర్లో వేస్తే చెమట పట్టి, ల్యాబ్‌కు చేరేలోపు అడ్డమైన బూజులన్నీ ఎక్కేస్తాయి. కవర్ మీద ఊరు, రకం, నాటిన నెల, అంతకుముందు వేసిన పంట రాసుకునేదాన్ని. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న: "మచ్చ పడిందమ్మా, ఏం కొట్టాలి?" పరిశోధన కోసం వచ్చానని చెబితే, "అది సరేలే తల్లీ, ఈ చీటీ మీద మందు పేరు రాసియ్యి" అని పెన్ను చేతిలో పెట్టేవాళ్ళు.

వాళ్ళ తొందరకు కారణం ఉంది. 2021లో నల్ల తామర పురుగు మన జిల్లా తోటల మీద పడి పూలన్నీ రాల్చేసింది. త్రిప్స్ పార్విస్పైనస్ అని దాని పేరు. ఆ ఏడు తోటలు దున్నేసినవాళ్ళున్నారు. ఆ దెబ్బ తిన్నాక స్ప్రేయర్ ట్యాంకు కింద పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పురుగుకొకటి, తెగులుకొకటి, పూత నిలవడానికి ఇంకొకటి, అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తున్నారు. ఈ విషయం అప్పట్లో నోట్‌బుక్కులో ఒక మూల రాసి పెట్టాను. తర్వాత అదే నా పనికి మధ్య అధ్యాయమైంది.

మచ్చ ఉన్న ప్రతి కాయా కాయకుళ్ళు కాదు. ఎండకు కాలిన కాయ తెల్లగా పాలిపోతుంది. పురుగు తొలిచిన కన్నంలోంచి నీళ్ళు దిగి కుళ్ళినవి ఉంటాయి. వానల్లో లేత కొమ్మ కుళ్ళి దాని మీద గుండుసూది తలల్లా నల్లటి బూజు లేస్తే అది కొయనెఫోరా, కొమ్మకుళ్ళు. పొలంలో చూసి చెప్పగలిగినవి కొన్ని, మైక్రోస్కోప్ కింద పెడితే కానీ తేలనివి కొన్ని. తెచ్చిన సంచుల్లో చాలావాటిని ఇక్కడే పక్కన పెట్టాల్సి వచ్చింది.

ల్యాబ్ పని వంటింటి పనికి దూరమేమీ కాదు. శిలీంద్రాన్ని పెంచే మేత, అంటే మీడియా, లీటరుకు 200 గ్రాముల బంగాళదుంపలు ఉడకబెట్టి ఆ నీళ్ళు వడకట్టాలి. అందులో 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగార్ కలిపి, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడిలో ఉంచి తీస్తాం. దీన్నే పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్, పొట్టిగా పిడిఎ అంటాం. మచ్చ అంచు దగ్గర, సగం బాగున్న భాగం, సగం తెగులు భాగం వచ్చేటట్టు చిన్న ముక్క కోయాలి. నడిమధ్యలో కోస్తే అప్పటికే చచ్చిన కణజాలం, దాని మీద చేరిన ఇతర బూజులే వస్తాయి. ముక్కను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో నిమిషం ముంచి, స్టెరైల్ నీళ్ళతో మూడుసార్లు కడిగి, బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టి ప్లేట్లో పెడతాం. తర్వాత 28 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో ఎదురుచూడటమే. గుంటూరులో కరెంటు పోతే ఇంక్యుబేటర్ లోపలి కంటే బయటే వేడి ఎక్కువ. ఆ టెన్షన్ వేసవిలో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది.

తెల్లగా మొదలైన కాలనీ మెల్లగా బూడిద రంగుకు తిరిగింది. స్లైడ్ చేసి చూస్తే కొడవలి ఆకారంలో బీజాలు, వాటి మధ్య నల్లటి ముళ్ళ లాంటి వెంట్రుకలు. పాత పుస్తకాల్లో క్యాప్సిసీ అని ఉన్న జాతి ఇది. 2009 తర్వాతి వర్గీకరణలో దీన్ని ట్రంకేటమ్ అంటున్నారు. కొన్ని శాంపిల్స్‌లో మాత్రం రెండు చివరలూ గుండ్రంగా ఉండే పొట్టి బీజాలు వచ్చాయి. అవి గ్లియోస్పోరియాయిడిస్ గుంపువి. ఆ గుంపులో కంటికి ఒకేలా కనిపించే జాతులు చాలా ఉన్నాయి. ఐటిఎస్ అనే ఒక్క డిఎన్‌ఎ భాగం చదివితే అవి విడిపోవు. ఇంకో రెండు మూడు జన్యువులు కూడా చదివించాలి. బయటి ల్యాబ్‌కు పంపి సీక్వెన్సింగ్ చేయించడానికి నా ఫెలోషిప్‌లో మంచి ముక్కే పోయింది.

ఇక్కడితో తెగులు కారకం దొరికిందని సంబరపడటానికి లేదు. రాబర్ట్ కాక్ పెట్టిన నియమాలు దాటాలి. ప్లేట్లో పెరిగిన శిలీంద్రాన్ని ఆరోగ్యంగా ఉన్న కాయకు ఎక్కించి, అదే మచ్చ తెప్పించి, ఆ మచ్చలోంచి మళ్ళీ అదే శిలీంద్రాన్ని బయటికి తీయాలి. మిల్లీలీటరుకు పది లక్షల బీజాలు ఉండేలా ద్రావణం చేసి, సూదితో గుచ్చిన కాయల మీదా గుచ్చని వాటి మీదా వేశాను. పండు కాయల్లో రోజుల్లోనే మచ్చలు వచ్చాయి. పచ్చి కాయలు మాత్రం నిగనిగలాడుతూ అలాగే ఉన్నాయి. ఎక్కలేదేమో అనుకుంటే, కాయ రంగు తిరగడం మొదలవగానే అదే చోట మచ్చ దిగింది.

దీన్ని సుప్త దశ అంటారు. శిలీంద్రం పచ్చి కాయ తొక్కలోకి ఎప్పుడో చొరబడి, కాయ పండేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి పరీక్షలో రాసిందే. నా చేతిలోని కాయ మీద చూశాక మాత్రం "మచ్చ పడింది, ఏం కొట్టాలి" అన్న ప్రశ్నే ఆలస్యంగా పుట్టిందని అర్థమైంది. రైతుకు మచ్చ కనిపించే రోజుకు లోపలి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. మొక్క లోపలికి పాకే అంతర్వాహిక మందు కొంత పట్టుకుంటుందేమో కానీ, మేలు చేసే సూక్ష్మజీవులతో తెగులును ఆపే జీవ నియంత్రణ అప్పుడు మొదలుపెడితే చేయగలిగింది చాలా తక్కువ.

ఇక రెండో వైపు, శత్రువుకు శత్రువును వెతకాలి. నేలలో ఉండే ట్రైకోడెర్మా వేరే శిలీంద్రాల మీద బతుకుతుందని 1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అది పక్క శిలీంద్రం పోగును చుట్టుకుంటుంది, దాని గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది, తిండినీ చోటునూ ముందే ఆక్రమిస్తుంది. తోటలో చుట్టూ మొక్కలు ఎండిపోయినా ఒక్కటి మాత్రం పచ్చగా నిలబడి ఉంటే, దాని వేళ్ళకు అంటుకున్న మట్టే నాకు కావాల్సింది. ఆ మట్టి 10 గ్రాములు 90 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ పదింతలు పలచన చేస్తూ పోయి, రోజ్ బెంగాల్ అనే రంగు ఉన్న ప్రత్యేక మీడియా మీద పోశాను. తెల్లగా వచ్చిన కాలనీలు మూడో నాటికి ఆకుపచ్చ పొడి కప్పుకున్నాయి. కొన్నిటికి మూత తీస్తే కొబ్బరి వాసన. ట్రైకోడెర్మాలో కొన్ని రకాలు వదిలే ఒక రసాయనం వల్ల అలా వస్తుంది. అలాగని మూత తీసి వాసన చూడటం మంచి అలవాటు కాదు, జూనియర్లకు అదే చెబుతున్నాను.

ట్రైకోడెర్మా పెంచే అమ్మాయి అంటే ల్యాబ్‌లో మిగతావాళ్ళకు పడదు. ఆ పచ్చపొడి గాలిలో తేలి ఎవరి ప్లేట్లో పడితే వాళ్ళ కల్చర్ గోవిందా. నా రూమ్మేట్ నేను లామినార్ (శుభ్రమైన గాలి వీచే ల్యాబ్ బల్ల) దగ్గరికి వస్తుంటే తన ట్రేలు ఎత్తుకుని వెళ్ళిపోయేది.

తర్వాతది థీసిస్‌లన్నిటిలో ఉండే ఘట్టం, డ్యుయల్ కల్చర్. ఒకే ప్లేట్లో ఒక పక్క తెగులు శిలీంద్రం, ఎదురుగా ట్రైకోడెర్మా పెట్టి, ఎవరు ఎంత మేరకు పెరిగారో కొలవాలి. విడిగా పెంచినప్పుడు తెగులు శిలీంద్రం 80 మిల్లీమీటర్లు పెరిగి, ట్రైకోడెర్మా పక్కన 24 దగ్గర ఆగిపోయిందనుకోండి, 70 శాతం నిరోధం అని రాస్తాం. అంకె చూడటానికి ఎంతో బాగుంటుంది. ఇక్కడొక చిక్కుంది. 90 మిల్లీమీటర్ల ప్లేటును ట్రైకోడెర్మా మూడు నాలుగు రోజుల్లో నింపేస్తుంది. కొల్లెటోట్రైకమ్‌కు అదే ప్లేటు నింపడానికి వారం పైనే పడుతుంది. ఒంగోలు గిత్తనూ చంటి దూడనూ పక్కపక్కన కట్టి బండలాగుడు పోటీ పెట్టినట్టు ఉంటుందిది. గిత్త గెలిచిందని పేపర్ రాయడంలో గొప్పేముంది? కొల్లెటోట్రైకమ్‌ను కొన్ని రోజులు ముందుగా నాటి, అది కాస్త స్థిరపడ్డాక ట్రైకోడెర్మాను దించాను. అంకెలు దిగివచ్చాయి. తెగులు కాలనీ పైకెక్కి చుట్టుకుని దాన్ని తినేసిన రకాలు కొన్నే మిగిలాయి. వాటినే ముందుకు తీసుకెళ్ళాను.

"బాగుంది. ఇది నేలలో బతికే శిలీంద్రం. నీ తెగులు కాయ మీద. దీన్ని ఎండలో, గాలిలో, ఆకు మీద ఎలా బతికిస్తావ్?" అన్నారు మేడమ్. ఆ ప్రశ్న నన్ను బ్యాక్టీరియా వైపు తోసింది. ఆకుల మీద, కాయల తొక్క మీద సహజంగా బతికే బ్యాక్టీరియాను కడిగి తీశాను. ఆ నీళ్ళను 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేస్తే మామూలు బ్యాక్టీరియా చచ్చిపోయి, గట్టి బీజం కట్టే బాసిల్లస్ రకాలు మిగులుతాయి. గుంటూరు మే నెలను తట్టుకోవాలంటే ఇలాంటివే కావాలని నా లెక్క. ఇంకోవైపు వేళ్ళ దగ్గరి సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ అనే బ్యాక్టీరియాను కింగ్స్ బి అనే మీడియా మీద పెంచి, గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే పచ్చగా మెరిసింది. ఇంటికి వీడియో తీసి పంపిస్తే అమ్మ, "ఇదేనా నువ్వు రెండేళ్ళుగా చేస్తున్నది?" అంది.

బాసిల్లస్ కాలనీ చుట్టూ శిలీంద్రం రాకుండా ఖాళీ వలయం ఏర్పడింది. ట్రైకోడెర్మాలా మీద పడి తినదు, ఐటురిన్, ఫెంజైసిన్ లాంటి పదార్థాలు వదిలి దూరం నుంచే ఆపుతుంది.

ఇక నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ల్యాబ్‌కు బయట మొదలైంది. మార్కెట్లో దొరికే జీవ శిలీంద్రనాశినుల ప్యాకెట్లు కొనుక్కొచ్చి, లోపల బతికున్నది ఎంతో లెక్కపెట్టాను. నియమం ప్రకారం ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. రకరకాల షాపుల్లో, కొన్ని గుంటూరులో, కొన్ని విజయవాడలో కొన్నాను. ఏ కంపెనీవో ఇక్కడ చెప్పను. కొన్నిటిలో రాసినంత కంటే ఎక్కువే ఉంది. కొన్నిటిలో టాల్క్ పొడి, ఏవో బ్యాక్టీరియా తప్ప ట్రైకోడెర్మా జాడే లేదు. ఎక్కువ వాటిలో బతికున్నది ఉండాల్సినదానిలో కొద్ది భాగమే. షాపు వెనక్కి వెళ్ళి చూస్తే సగం కారణం కనిపిస్తుంది. రేకుల గోడౌన్‌లో, పురుగుమందు డబ్బాల మధ్య, మధ్యాహ్నం కాలిపోతున్న అరల మీద ఈ ప్యాకెట్లు. గడువు తేదీ ఇంకా ఉండొచ్చు, లోపల ప్రాణం ఉందో లేదో తేదీ చెప్పదు. "బయో మందులు పనిచేయవండీ" అని రైతులు అనడం వెనక ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. చచ్చిన ట్రైకోడెర్మా చల్లినవాడు ట్రైకోడెర్మాను పరీక్షించినట్టు కాదు కదా. ప్యాకెట్ కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: తయారైన తేదీ చూడండి, వీలైనంత కొత్తది తీసుకోండి, ఇంట్లో నీడన పెట్టండి, ఆ సీజన్‌లోనే వాడేయండి.

మిగతా సగం కారణం ట్యాంకులో ఉంది. మొదట్లో నోట్‌బుక్కు మూలన రాసుకున్న మాట ఇక్కడ పనికొచ్చింది. మీడియాలోనే శిలీంద్రనాశినిని కలిపి దాని మీద ట్రైకోడెర్మాను నాటి చూశాను. కార్బెండజిమ్ ఉన్న ప్లేట్లో అది పెరగనే లేదు. మెటలాక్సిల్‌లో బాగానే పెరిగింది, ఎందుకంటే ఆ మందు పనిచేసేది పిథియమ్ లాంటి నారుకుళ్ళు జాతుల మీద. సూడోమోనాస్‌కు కార్బెండజిమ్ ఏమీ అనలేదు. బ్యాక్టీరియాకు సరిపడనివి రాగి మందులు, స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటిబయాటిక్. సోమవారం ట్రైకోడెర్మా వేసి శుక్రవారం కార్బెండజిమ్ పోసే రైతు రెండిటికీ డబ్బు పెట్టి ఒకదానితో ఇంకోదాన్ని చంపుకుంటున్నాడు. ఈ సంగతి ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే ఉంటుంది.

పొలం ప్రయోగానికి చోటు దొరకడం అన్నిటికంటే కష్టమైంది. పరిశోధనా క్షేత్రంలో ఒకటి పెట్టాం, రెండోది రైతు పొలంలో పెట్టాలని నా పట్టుదల. మా మావయ్యకు తెలిసిన ఒక కౌలు రైతు ఒప్పుకున్నాడు. ప్లాట్లు గీసి, ఏ ప్లాట్‌కు ఏ పద్ధతో చీటీలు వేసి పంచి, ఒక్కో పద్ధతి మూడు చోట్ల వచ్చేలా తాళ్ళు కట్టాం. అంతా బాగానే ఉంది, కంట్రోల్ ప్లాట్ దగ్గర ఆగిపోయింది.

"దీనికి ఏం కొట్టాలమ్మాయ్?"

"ఏమీ కొట్టకూడదు బాబాయ్. తెగులుకు ఏ మందూ పడకూడదు."

"ఊరకే చూస్తా ఉండాలా?"

"అదే కావాలి. మిగతావాటితో పోల్చడానికి."

ఆయన ఆ ప్లాట్ వైపు, తర్వాత నా వైపు చూసి, "కౌలు కట్టాల్సింది నేనమ్మాయ్, నేల కాదు. ఎండిపోతే ఎవరు కడతారు?" అన్నాడు. న్యాయమైన మాటే. ఆ ప్లాట్లలో తగ్గిన దిగుబడికి పక్క ప్లాట్ల లెక్కన డబ్బు కట్టడానికి మేడమ్ ప్రాజెక్టులోంచి ఒప్పించారు. అయినా ఆయనకు మనసొప్పక, ఒకసారి నేను వెళ్ళేసరికి కంట్రోల్ వరసల ఆకుల మీద తెల్లటి మరకలు ఉన్నాయి. "పక్క చేలో కొడతుంటే గాలికి వచ్చింది" అన్నాడు. నిజమూ కావచ్చు. ఆ ప్లాట్ ఒకదాన్ని లెక్కలోంచి తీసేశాం.

కాయలు రంగు తిరిగే సమయానికి 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తోటల్లో నీళ్ళు నిలబడ్డాయి, మొక్కలు ఒరిగాయి. నీళ్ళు తీసిన తర్వాత వెళ్ళి తెగులు తీవ్రతను బట్టి సున్నా నుంచి తొమ్మిది దాకా స్కేలు మీద ఒక్కో మొక్కకు మార్కులు వేస్తుంటే, అంతకుముందు ప్లాట్లకు మధ్య కనిపించిన తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. నేను ఆకుల మీద కొట్టిన బాసిల్లస్ వానకు ఎంత కొట్టుకుపోయిందో తెలియదు. రాత్రి కూర్చుని లెక్కలు కడితే స్టాటిస్టిక్స్ "తేడా లేదు" అంటోంది. ఏడుపొచ్చింది. "తుఫాను ముందువి వేరే పట్టిక, తర్వాతవి వేరే పట్టిక. ఏదీ దాచకు" అన్నారు మేడమ్.

రెండు పట్టికలు పక్కపక్కన పెట్టాక అసలు విషయం తేటపడింది. మొత్తం జీవ పద్ధతి మీదే నడిపిన ప్లాట్లు తుఫాను తర్వాత రసాయన ప్లాట్ల కంటే వెనకబడ్డాయి, అందులో దాపరికం లేదు. విత్తనం దగ్గర, నారు దగ్గర ట్రైకోడెర్మా పడి, పూత నుంచి బ్యాక్టీరియా స్ప్రే అంది, వాన తర్వాత ఒక్కసారి మాత్రం సిఫార్సు చేసిన శిలీంద్రనాశిని పడిన ప్లాట్లు రసాయన ప్లాట్లతో దాదాపు సమానంగా నిలిచాయి. మందు ఖర్చు మాత్రం బాగా తగ్గింది. మచ్చ చూశాక బయో మొదలుపెట్టిన ప్లాట్లకూ ఏమీ వేయని ప్లాట్లకూ పెద్ద తేడా లేదు. తెగులు విత్తనం ద్వారా, పాత మొక్కల చెత్త ద్వారా వస్తుంది, పచ్చి కాయలో దాక్కుంటుంది కాబట్టి మొదట్లోనే పట్టుకోవాలి. నా థీసిస్ అంతా కలిపి చెప్పేది ఇదే.

వైవాలో, అంటే థీసిస్ మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ పరీక్షకులు అడిగారు: "కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా అని రాశావు. ఇప్పుడు హైబ్రిడ్ విత్తనం రంగు మందు పూసే వస్తుంది. దాని మీద నీ ట్రైకోడెర్మా బతుకుతుందా? పైగా మన రైతులు నారు పోయడం మానేసి నర్సరీలో ట్రేల నారు కొంటున్నారు. నీ సలహా ఎవరికి?" బిగుసుకుపోయాను, కానీ ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే కొంత తయారుగా ఉంది. మందు పూసిన విత్తనాన్ని వదిలేసి, ట్రేలో నింపే కొబ్బరి పీచు పొట్టులో, అంటే కోకోపీట్‌లో ట్రైకోడెర్మా కలపడం ఒక దారి. పొలంలో వేయడానికి 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్ళు చల్లి, గోనె పట్టాలు కప్పి, నీడన వారం పది రోజులు మాగబెట్టి దుక్కిలో వేయడం ఇంకో దారి. ఎరువు బాగా చివికి ఉండాలి, తడి ఆరకూడదు. సేంద్రియ పదార్థం లేని నేలలో ట్రైకోడెర్మా పొడి ఒక్కటే చల్లితే దానికి తిండి ఉండదు.

ఇప్పుడు నా పని ఎక్కువగా షేడ్‌నెట్ నర్సరీల చుట్టూ తిరుగుతోంది. రైతుల్ని ఒక్కొక్కరినీ ఒప్పించడం కంటే ఒక నర్సరీ యజమానిని ఒప్పిస్తే వందల ఎకరాల నారుకు ట్రైకోడెర్మా అందుతుంది. ఒకాయన ట్రేలలో కలపడానికి ఒప్పుకున్నాడు. నారుకుళ్ళు తగ్గితే ఆయనకే లాభం, అందుకే ఆసక్తి. ఆయన అడిగే ప్రశ్న కాయకుళ్ళు గురించి కాదు. "మేడమ్, ఈ ప్యాకెట్లు జూన్‌లో కొని నా షెడ్డులో పెడితే ఎన్నాళ్ళు బతుకుతాయి?" అంటున్నాడు. ఆయన షెడ్డుకూ రేకుల కప్పే. అక్కడ థర్మామీటర్ వేలాడదీసి, అదే ప్యాకెట్లలోంచి పదిహేను రోజులకోసారి పొడి తెచ్చి ప్లేట్లు పోస్తున్నాం.